షినాస్ జట్టు చోటు కాపాడిన సరోజక్క

నిన్న శుక్రవారం. పొద్దుటి నుంచే ఉక్కపోత. నేను నడిపే కాలేజీ బస్సు కడిగి, మబేలాలో రూమ్‌కు వచ్చి అన్నం పెట్టుకుంటుంటే ఫోన్.

సరోజక్క పోయింది. గుండెపోటు.

పళ్లెం పక్కకు నెట్టేశాను. బుధవారం ప్రాక్టీస్ అయ్యాక "పోయొస్తా మల్లేశా" అని బస్సు దిగిన మనిషి.

అక్కది కడప. అజైబాలో మా కాలేజీ అమ్మాయిలకు బాస్కెట్‌బాల్ కోచ్. ఈ అరబ్బు దేశంలో అమ్మాయిల మ్యాచ్‌కు మగవాళ్లను రానివ్వరు. నేను బస్సులోనే కూర్చుని లోపలి కేకలు వినేవాణ్ణి. ఆట ఎలా జరిగిందో అక్క బయటికొచ్చి చెప్పాలి.

మా కాలేజీల టోర్నమెంట్‌లో నాలుగు జట్లకే చోటు. మూడు ప్రాంతాల్లో విడివిడిగా పోటీలు పెట్టి, ఒక్కో ఫైనల్ గెలిచిన జట్టును నేరుగా తీసుకుంటారు. నాలుగో జట్టును కమిటీ ఎంచుకుంటుంది. అమెరికాలో కాలేజీ అమ్మాయిలకు కాన్ఫరెన్స్‌లనే జట్ల గుంపుల వారీగా ఇలాగే చోట్లిస్తారని, అక్క పట్టుబట్టి తెచ్చిన పద్ధతి.

పోయిన ఏడాది ఆ పద్ధతే అక్కకు అడ్డం తిరిగింది. సీజన్ అంతా గెలిచిన మా జట్టు మా ప్రాంతం ఫైనల్లో ఒక్క బాస్కెట్ తేడాతో ఓడింది. నాలుగో చోటు కమిటీ అప్పటికే వేరే జట్టుకిచ్చేసింది.

అటు ఇంకో ప్రాంతంలో షినాస్ జట్టు సీజన్లో దాదాపు అన్నీ ఓడి, వాళ్ల ఫైనల్ మాత్రం గెలిచింది. "వాళ్లను తీసేసి మీ జట్టును పెడతాం, సరేనంటే చాలు" అని కమిటీవాళ్లే అడిగారు.

అక్క ఒప్పుకోలేదు. నాకు ప్రాణం ఉసూరుమంది.

"అక్కా, ఊ అంటే అయిపోతది గదా. మన పిల్లలు ఏడ్సుకుంట కూసున్నరు."

"ఊ అంటే షినాస్ పిల్లోల్లకు ఏం చెప్పల్ల మల్లేశా? గెల్చినా రావద్దనా?"

మా అమ్మాయిలు అక్కతో మాట్లాడటం మానేశారు. అయినా టోర్నమెంట్ రోజు అందరినీ బస్సెక్కించింది, షినాస్ వాళ్లకు చప్పట్లు కొట్టడానికి.

షినాస్ చిత్తుగా ఓడింది. వాళ్ల కోసం అరిచి అరిచి గొంతు బొంగురుపోయి అక్క బయటికొచ్చింది.

"గిట్ల ఓడెటందుకేనా అక్కా, మన పిల్లల నోరు కొట్టింది?"

"ఓడిపోయేదానికైనా లోపలికి రావల్ల గదప్పా. వాళ్ల చోటు వాళ్లు గెల్చుకున్న్యారు."

ఆ మాట నాతో అని తన సీట్లో కూర్చుని కిటికీ వైపు తిరిగింది. కళ్లు తుడుచుకోవడం అద్దంలో చూశాను. కాసేపటికి మా కెప్టెన్ అమ్మాయి వెనక సీటు వదిలి వచ్చి అక్క పక్కన కూర్చుంది. అజైబా వచ్చేదాకా అక్కడే ఉంది.

వెళ్లిరా అక్కా. నీ మనసుకు ఇక ఏ బరువూ లేకుండా, హాయిగా ఉండాలి.