తల్లి చేతి దెబ్బ

ఎల్బీ నగర్‌లోని ఒక ప్రైవేటు హైస్కూల్లో సాయమ్మ ఆయా. ఊడిన రిబ్బన్లు ముడేసేది, టిఫిన్ మరిచిన పిల్లలకు తన డబ్బాలోది పెట్టేది. ఆమె బిడ్డ జోస్నా అక్కడే తొమ్మిదో తరగతి.

ఒకనాడు జోస్నా లెక్కల మేడంలా నడిచి చూపిస్తే క్లాసంతా నవ్వింది. మేడం గుమ్మంలోనే నిలబడి ఉంది.

ప్రిన్సిపాల్ సాయమ్మను క్లాసులోకి పిలిపించాడు.

"మేం చెయ్యెత్తితే కేసైతది. నువ్వు కన్నతల్లివి, నిన్నెవరడుగుతరు? కొట్టు. లేకుంటే గిప్పుడే టీసీ తీస్కపో."

"సార్, పుట్టినసంది దాని మీద చెయ్యి ఎయ్యలే. జర మాఫ్ చెయ్యుండ్రి."

"గందుకే గిట్ల తయారైంది."

సాయమ్మ లోలోపల యేసయ్యను తలచుకుని బిడ్డ చెంప మీద మెల్లగా తట్టింది.

"ముద్దు చేస్తున్నవా?" అన్నాడాయన. పిల్లలు కిసుక్కుమన్నారు.

"గట్టిగ కొట్టు మమ్మీ, నేనీడనే చదువుకుంట," అని గొణిగింది జోస్నా.

ఈసారి పెదవి చిట్లి నెత్తురొచ్చింది. ఎవరూ నవ్వలేదు.

ప్రిన్సిపాల్ తృప్తిగా మేడం వైపు తిరిగాడు. "తల్లిదండ్రులు రాని పిల్లలుంటే ఇగ సాయమ్మనే పిలువుండ్రి."

మర్నాడే ఎనిమిదో తరగతి నుంచి పిలుపొచ్చింది. సాయమ్మ చేతిలోని చీపురు గోడకానించి వెళ్ళింది.