ఉప్పు తగలని నీళ్లు

మా పెద్దమ్మ పోయింది. ముసురు పట్టిన ఒక ఉదయం, నాచారం ఇంట్లో, చెప్పులు తొడుక్కుందామని గడప మీద కూర్చుని అలాగే పక్కకు ఒరిగిపోయింది. ఆ కబురు ఫోన్‌లో చెప్పిన మామ, అంటే ఆమె తమ్ముడు, వెంటనే అడిగాడు: "ఇగ బకెట్లు ఎవలు తెస్తరు బిడ్డా?"

చావు కబురులో బకెట్లేమిటని మీకు అనిపించవచ్చు. మా గల్లీలో ఎవరికీ అనిపించదు.

పెద్దమ్మ ఒక మందుల ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో వంట చేసేది. పని మానేసిన రోజు ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుంటూ అంది: "ఇన్నేండ్లు మసాలా పాకెట్లు కత్తిరిచ్చిన. ఇగ నా ఇంట్ల కత్తెరకు పని లేదు. పండిచ్చుకుంట, నూరుకుంట, వండుకుంట." నేనప్పటికి డిగ్రీ అయిపోయి, ఉప్పల్‌లో ఒక ఉద్యోగం వదిలేసి, ఇంకోటి వెతుక్కుంటూ ఆమె దగ్గరే ఉన్నాను. ఏ కుర్చీలోనూ కుదురుగా కూర్చోలేని రోజులవి. "ఊకె అటు ఇటు తిరుగుతవ్, జర ఈడ తిరుగు" అని చేతికి గడ్డపార ఇచ్చింది.

ఇంటి పక్క ఖాళీ జాగ అక్కాతమ్ముళ్లిద్దరిదీ. మూలన ఒక నిమ్మచెట్టు, మిగతాదంతా సిమెంటు పెళ్లలు. మామ అక్కడ రేకుల షెడ్డు వేసి కిరాయికి ఇద్దామని చూస్తున్నాడు, ఇనుప గొట్టాలు కూడా తెచ్చి పెట్టాడు.

"గీ పెళ్లల ఏం పండుతదక్కా, కంకర పండుతదా?"

"సద్దుల బతుకమ్మ దాక ఆగురా. బియ్యం, ఉప్పు, నూనె దుకాణంల తెస్త. మిగిలిన సరుకంత ఈ జాగల పండిందే. అట్ల సద్దులు చెయ్యకపోతిననుకో, నీ షెడ్డు నువ్వేస్కో."

బతుకమ్మ చివరి రోజున మా ఇళ్లల్లో నువ్వులతో, పల్లీలతో, పులుపుతో రకరకాలుగా అన్నం కలిపి, పంచుకుని తింటాం. అవే సద్దులు. పల్లీలు, నువ్వులు విత్తాం. నిమ్మ ఉండనే ఉంది. చింతపండుకు బదులు గోంగూర వేశాం. వానలు మొహం చాటేశాయి. మా బోరు నీళ్లు పసుపుపచ్చగా ఉండి వాసనేస్తాయి, వాటితో బట్టలు కూడా ఉతకం. నల్లా నీళ్లు తాగడానికే చాలవు.

పొద్దున అన్ని ఇళ్లలో బియ్యం కడిగిన నీళ్లు మోరీలో పోయడం చూసి, "అవి అడిగితేనో?" అన్నాను. పెద్దమ్మ అప్పుడే బకెట్ పట్టుకుని బయల్దేరింది. రోజూ పొద్దున్నే ప్రతి గేటు ముందూ మేమిద్దరం.

మొక్కలు లేచాయి. తర్వాత ఒక వారంలో నువ్వుల మడి మొత్తం ఆకులు మాడి ముడుచుకుపోయింది. పురుగేదో పట్టిందని నేను ఆకులు తిరగేస్తున్నాను. పెద్దమ్మ బకెట్లో వేలు ముంచి నాలుకకు రాసుకుంది. "ఉప్పు!"

బకెట్ అంటే మా వాళ్లకు కుడితి తొట్టే గుర్తుకొస్తుంది. బర్రెకు పోసినట్టు మిగిలిన పప్పు, వార్చిన గంజి అన్నీ అందులోకే. ఎదురింటి రైల్వే ఆంటీ నొచ్చుకుంది. "గంజైతే మొక్కలకి బలమనుకున్నానండీ. మేం అన్నంలో ఉప్పు ముందే వేసేస్తాం."

"నీ మనసు మంచిదే తల్లీ. బర్రెను కొన్నంక ఆ గంజి పొయ్యి. ఇప్పుడైతే కడుగు నీళ్లే."

మాడిన మడి తీసేసి మళ్లీ నువ్వులు చల్లాం. పండగ లోపు పండుతాయో లేదో తెలియదు. మామ రోజూ వచ్చి గొట్టాలు ఒకసారి తడిమి చూసుకుని పోయేవాడు. పెద్దమ్మ మాత్రం ఆ రోజు నుంచి ప్రతి బకెట్లో వేలు ముంచి రుచి చూశాకే తీసుకునేది. "పులుసు కుదిరిందా పెద్దమ్మా?" అని గల్లీ అంతా నవ్వేది. "నీ చెయ్యి పడ్డది కదా, కుదరక ఏం చేస్తది" అనేది. నీళ్లిచ్చిన ఏ ఇంటి బకెట్‌నూ ఖాళీగా తిరిగి పంపలేదు. అడుగున కనీసం నాలుగు గోంగూర రెబ్బలైనా ఉండాల్సిందే.

వానలు ఆలస్యంగా వచ్చి కుమ్మరించాయి. పండగ దగ్గర పడే వేళకు నువ్వుల కట్టలు డాబా మీద నిలబెట్టి ఎండబెట్టాం. పెద్దమ్మ పాత చీర పరిచి, ఒక కట్టను తలకిందులు చేసి దులిపింది. జలజలా రాలిన ఆ చప్పుడు ఇప్పటికీ నా చెవిలో ఉంది. నేను కేక పెట్టాను. ఆమె నవ్వి, "అరవకు, మీ మామ ఇంటే షెడ్డు మీద బెంగ పెట్టుకుంటడు" అంది.

సద్దుల బతుకమ్మ నాటి సాయంత్రం ఆట అయ్యాక రోట్లో దంచిన నువ్వులపొడి సద్ది, పల్లీల సద్ది, నిమ్మకాయ సద్ది, గోంగూర సద్ది గల్లీ అంతా తిన్నారు. తమ కడుగు నీళ్లతో పండినవేనని రైల్వే ఆంటీ వచ్చినవాళ్లందరికీ తనే చెప్పింది. మామ కడుపునిండా తిన్నాడు. గిన్నె అడుగు కూడా గీకాడు.

"ఏమిరా, షెడ్డు ఎప్పుడు మొదలుపెడ్తున్నవ్?"

"షెడ్డేందక్కా? ఆ గొట్టాలు బీరపాదుకు పందిరి ఏద్దామని తెచ్చిన."

ఆ పందిరి కింద చాలా బీరకాయలు కాశాయి. పెద్దమ్మ తెలంగాణ వచ్చిన సంబురం కూడా ఆ పందిరి కిందే చేసింది, కొత్తిమీర పచ్చడి నూరి. ఏ మిక్సీ కొన్నా రోలు వదల్లేదు. "చెయ్యి నొయ్యాలె, అప్పుడే నోటికి తెలుస్తది" అనేది. నాకు ఉద్యోగం వచ్చి ఉప్పల్‌కు మారినా, ప్రతి ఆదివారం గోళ్లలో మట్టితోనే తిరిగి వెళ్లేదాన్ని. నేను ఏదైనా మధ్యలో వదిలేయకుండా చేశానంటే అది ఈ తోటే.

పెద్దమ్మ దినం అయిన మర్నాడు పొద్దున గేటు తీశాను. వర్షం ఆగి వారమైంది. గోడ వెంట బకెట్లు, గిన్నెలు, ఎవరిదో కుక్కర్ కూడా, వరసగా నిండి ఉన్నాయి. రైల్వే ఆంటీ తన బకెట్ పక్కనే నిలబడి ఉంది.

"చూడమ్మా ఒకసారి" అంది.

వేలు ముంచి నాలుకకు రాసుకున్నాను. చప్పగా, చల్లగా, కొత్త బియ్యం వాసన. తలూపాను. మామ ఆ బకెట్ ఎత్తుకుని లోపలికి నడిచాడు. పెద్దమ్మ చల్లి వెళ్లిన నువ్వులు అప్పుడే రెండాకులు విప్పుతున్నాయి. వాటి మధ్య కాలువలో తెల్లటి నీళ్లు మెల్లగా, పందిరి చివరి దాకా పాకుతూ వెళ్లాయి.