శంకుణ్ణి చాక్యార్ లెక్కపెట్టిన రెప్పపాట్లు

చాక్యార్ కులపు నటులు తరతరాలుగా సంస్కృత నాటకాలాడే మా గుడి నాట్యశాల చరిత్ర రాసేవాళ్ళు ఎప్పుడూ గోడమీది శాసనం దగ్గర మొదలుపెడతారు. అది పొరపాటు. పదమూడేళ్ళ శంకుణ్ణి చాక్యార్ ఒక తెల్లవారుజామున కళ్ళలో నెయ్యి వేసుకుని కంటి అభినయం సాధనకు కూర్చుని, పక్కనున్న దామోదర చాక్యార్ ఎన్నిసార్లు రెప్ప వేశాడో లెక్కపెట్టాడు. అసలు చరిత్ర అక్కడ మొదలైంది. ఆ గణన నలభై ఆరేళ్ళు నిరాటంకంగా సాగింది. రాజవంశాలు కూడా అంత నిలకడగా నడిచిన దాఖలాలు తక్కువ.

వాళ్ళిద్దరి వెనకా మిళావు డోలు వాయించింది నేనే. శంకుణ్ణి మంచి నటుడు. కానీ శలభం దీపంలో పడి కాలిపోయే ఘట్టం ఒకటుంది. పీట మీద కూర్చుని, ఒళ్ళు కదలకుండా, కేవలం కళ్ళతో ఆడాలి. ఏటా ఉత్సవంలో అది దామోదరుడికే దక్కేది.

"గుడ్లు పెద్దవి, అంతే. గుడ్లగూబక్కూడా ఉంటాయి," అనేవాడు శంకుణ్ణి.

నిరుడు దామోదరుడి కాళ్ళు సన్నబడ్డాయి. మెట్టెక్కలేకపోయాడు. శంకుణ్ణి ఎంత చలించిపోయాడంటే, త్రిశూరు ఆసుపత్రికి స్వయంగా తీసుకెళ్ళాడు. నన్నూ రమ్మన్నాడు.

"కండ బిగియాలంటే లోపల కాల్షియం వెలువడాలి, వదలాలంటే అది మళ్ళీ వెనక్కి పోవాలి," అంది డాక్టరమ్మ. "ఈయన కాళ్ళలో కండపొర దెబ్బతింది. కాల్షియం ఎక్కువ చేరి కండనే తినేస్తోంది."

"అయ్యో పాపం. మరి కళ్ళు?" అన్నాడు శంకుణ్ణి, గొంతులో ఆశ దాచుకోలేక.

"వాటికి ఢోకా లేదు. కంటి కండరాలు కాల్షియంని ఎప్పటికప్పుడు ఊడ్చేస్తాయి. ఈ జబ్బు వాటి జోలికి పెద్దగా పోదు."

శంకుణ్ణి కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. "ఇది అంటుకునే జబ్బా, డాక్టరమ్మా?"

"కాదండీ, భయపడకండి."

ఆయన ముఖంలో ఉన్నది భయం కాదు, ఆశాభంగమని ఆవిడకెలా తెలుస్తుంది?

బస్సు దిగుతుంటే దామోదరుడు నవ్వాడు. "ఏరా, జబ్బులో కూడా నాకే మంచిది దొరికిందని ఏడుపా?"

"నోర్ముయ్. మెట్టు చూసి దిగు," అంటూ శంకుణ్ణి భుజం ఇచ్చాడు.

మర్నాటి నుంచి, తన కళ్ళకూ ఆ బలం వస్తుందేమోనని, రహస్యంగా కాల్షియం మాత్రలు మింగాడు. కళ్ళు ఉన్నట్టే ఉన్నాయి, మలబద్ధకం మాత్రం పట్టుకుంది.

ఉత్సవానికి ముందు ఆలయ కమిటీ దగ్గర గట్టిగా వాదించాడు. "నిలబడలేనివాడికి వేషమేమిటి?"

"ఆడేది కూర్చునే కదా, చాక్యార్ గారూ," అన్నాడు కార్యదర్శి. వేషం దామోదరుడికే ఖాయమైంది.

అప్పుడు శంకుణ్ణి మరో పట్టు పట్టాడు. దామోదరుణ్ణి పీట మీదికి తనే మోయాలి, ఇంకెవరైనా అయితే పడేస్తారు. మోసుకొచ్చి కూర్చోబెట్టి, కిరీటం సర్ది, దీపం పక్కనే చతికిలబడి రెప్పలు లెక్కపెట్టడానికి సిద్ధమయ్యాడు.

సాయంత్రం శలభం వచ్చింది. దామోదరుడి కళ్ళలో దీపం చుట్టూ తిరిగింది, రెక్క అంటుకుంది, వణికింది, పడిపోయింది. నా చేతులు డోలు మీద ఆగిపోయాయి.

తెర పట్టాక అడిగాను. "ఎన్ని?"

"ఒక్కటీ లేదు. వెధవ," అన్నాడు శంకుణ్ణి, ఉత్తరీయంతో కళ్ళు తుడుచుకుంటూ. "ఒక్కటీ వెయ్యలేదురా."

ఆ రోజు చూడ్డానికి వచ్చినవాళ్ళు పదకొండు మంది.