ఇత్తడి పలక మీది అంకె

ఆరేళ్లుగా ఒక తప్పును మోస్తున్నాను. మా ఆవిడకు కూడా తెలియదు. మీరు నన్నెరగరు కాబట్టి మీకు చెప్పడం తేలిక.

న్యూజిలాండ్‌లోని ఆక్లండ్‌లో, హెండర్సన్ అనే పేటలో మా ఇంటికి దగ్గర్లో పాత విమానాలు బాగుచేసే షెడ్డు ఉంది. శనివారాలు అక్కడ ఊరికే పనిచేసేవాణ్ణి. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక సైనిక పైలట్ల శిక్షణ కోసం నమూనాగా చేసిన విమానం ఒకటి అక్కడుంది. అలాంటివి మూడే చేశారట, మిగిలింది ఇదొక్కటే. మూడింటిలో ఇది ఎన్నోదో చెప్పే ఆధారం, కాక్‌పిట్‌లోని ఇత్తడి పలక మీద ఎవరో రంగుతో రాసిన అంకె. చిలుము కింద అది లీలగా ఉండేదని నాకు తర్వాత తెలిసింది.

ఫోటో తీయనిదే దేన్నీ తుడవకూడదన్నది షెడ్డు నియమం. పలకల పని మూర్తి అంకుల్‌ది. మన ఎయిర్‌ఫోర్స్‌లో మెకానిక్‌గా రిటైరై, హెండర్సన్‌లోనే కూతురి దగ్గర ఉంటారు. నన్ను షెడ్డుకు తీసుకెళ్లిందీ ఆయనే.

చిలుము పట్టిన ఇత్తడి కనబడితే మన చేతులు ఊరుకుంటాయా? ఎవరికీ చెప్పకుండా పలకను ఇంటికి పట్టుకెళ్లి, చింతపండూ ఉప్పూ వేసి దీపపు కుందిని తోమినట్టు తోమాను. అంకుల్ మెచ్చుకుంటారనుకున్నాను. తర్వాతి శనివారం ఆయన ట్రేలో పెట్టేశాను. తళతళలాడుతోంది. అంకె లేదు.

షెడ్డు పెద్దాయన ఎవరు చేశారని అడిగాడు. అంకుల్ పలకను అటూ ఇటూ తిప్పి చూసి, తెలుగులో నాతో అన్నారు.

"నేనే తోమేసుంటాను బాబూ. మొన్న స్టవ్ కట్టేయడం కూడా మర్చిపోయాను."

"పోనీలెండి అంకుల్, వయసన్నాక మామూలే."

నోరు మూసుకుని ఉన్నా ఇంత పాపం కాదేమో. ఆ మాట ఎందుకన్నాను? పంపేస్తారని భయమా? పంపేస్తే శనివారాలు ఇంట్లో కూర్చునేవాణ్ణి, అంతేగా.

ఆయన మళ్లీ షెడ్డుకు రాలేదు. కారు తాళాలు కూతురికిచ్చేశారు. జ్ఞాపకశక్తికేమీ ఢోకా లేదని డాక్టర్ చెప్పినా నమ్మలేదు.

పోయిన నెల నిజం చెప్పాలనే వాళ్లింటికి వెళ్లాను. ఆయనే కాఫీ తెచ్చిచ్చి, కాసేపటికి, అబ్బాయికి కాఫీ ఇచ్చానా అమ్మా అని కూతుర్ని అడిగారు. కప్పు నా చేతిలోనే ఉంది. ఆయన కళ్లకు కనిపిస్తూనే ఉంది. అయినా అడిగారు. నేను తాగేసి వచ్చేశాను.

ఆ పలక తోమింది నేను. మూర్తి అంకుల్ ఆ రోజు ఏదీ మర్చిపోలేదు.

ఇది రాశాక ప్రాణం కాస్త కుదుటపడింది. నాదే, ఆయనది కాదు.