చెప్పుల బేరం

మా ఇంట్లో బేరానికి ఒక పద్ధతి ఉంది. ధర అడుగుతాం, మొహం చిట్లిస్తాం, సగానికి అడుగుతాం. అవతలివాడు కుదరదంటాడు. అప్పుడు మాట్లాడకుండా లేచి వెళ్ళి చెప్పుల్లో కాలు పెట్టాలి. అదీ తొందరగా కాదు. ఒక చెప్పు వేసుకుని, రెండోది కనిపించనట్టు కాసేపు తడుముకోవాలి. ఈలోగా వెనకనుంచి పిలుపు వస్తుంది. దీనికి చెప్పుల బేరమని పేరు పెట్టింది మా నాయిన. మేడ్చల్ బజారులో స్టీలు సామాన్ల దుకాణం మాది. అమ్మేవైపు కూర్చుని రోజంతా ఈ విద్యను చూసి, కొనేవైపు వెళ్ళినప్పుడు వాడుకుంటూ పెరిగాను.

"ధర ముందుగాల జెప్పినోడు సగం ఓడినట్టే" అనేవాడు నాయిన. ఆ ఒక్క మాట మీద నా బతుకు సగం దాటించాను. నా పెళ్ళిచూపుల్లో పిల్ల నచ్చిందా అని అడిగితే జవాబు చెప్పకుండా లేచి చెప్పులు వెతుక్కున్నానట. ఆ రోజు తన తండ్రి వెనక్కి పిలవకుండా ఉంటే బాగుండేదని మా ఆవిడ ఇప్పటికీ అంటుంది.

ఆ విద్య పనిచేయని చోటు కూడా ఒకటుందని హుస్సేన్‌సాగర్ నీళ్ళ మీద తెలిసింది.

మాకు ఒక్కతే కూతురు. చదువయ్యాక పట్నంలో ఉద్యోగం చూసుకుంటుందనుకుంటే, వచ్చి దుకాణంలో కూర్చుంది. నాలుగు రోజుల సరదా అనుకున్నాను. ఆ పిల్ల షామీర్‌పేట దారిలో ఉన్న ఫంక్షన్ హాళ్ళన్నీ తిరిగి గంగాళాలకు, బేసిన్లకు ఆర్డర్లు పట్టుకొచ్చింది. అటకమీద దుమ్ము తింటున్న సరుకును కిందికి దించి అమ్మేసింది. నేను గల్లాపెట్టె దగ్గర్నుంచి కొంచెం పక్కకు జరిగాను. తర్వాత ఇంకొంచెం. చివరికి గుమ్మం పక్కన కుర్చీలో స్థిరపడ్డాను. నేను లేకపోయినా దుకాణం నడుస్తుందని అర్థమయ్యాక మొదట ఉక్రోషం వచ్చింది, ఆ తర్వాత అదే నాకు ధైర్యమైంది.

అప్పుడు ఒక అబ్బాయి సంగతి తెలిసింది. షామీర్‌పేట వైపు మందుల కంపెనీలో పని. మా దుకాణంలో ఒక టిఫిన్ డబ్బా కొని, మూత సరిగ్గా పడటం లేదని మళ్ళీ మళ్ళీ వచ్చాడు. మూత బాగానే ఉందని నాకు మొదటిసారే తెలుసు. అంత మంచి మూతను అన్నిసార్లు మార్చి ఇచ్చిందంటే మా అమ్మాయికీ తెలిసే ఉంటుంది. వాళ్ళది గోదావరి వైపు. తండ్రి బ్యాంకులో చేసి రిటైరై, యాప్రాల్‌లో కాలనీ ఇల్లు కొనుక్కున్నాడు.

అబ్బాయి మంచివాడే. నా భయం వేరు. ఉద్యోగస్తుల ఇల్లు. కోడలు బజారులో గల్లాపెట్టె ముందు కూర్చుని చెంబులు, గరిటెలు అమ్ముతుందంటే వాళ్ళు ఒప్పుకుంటారా? ఒప్పుకోకపోతే నా తర్వాత ఆ షట్టర్ తెరిచేవాళ్ళు లేరు. పోనీ అడుగుదామంటే నోరు రాదు. అడిగితే మన అవసరం బయటపడుతుంది. అవసరం బయటపడ్డవాడికి ఏ బజారులోనూ మంచి ధర పలకదు.

సంబంధం ఖాయం కాకముందు వాళ్ళింట్లో మనం, మనింట్లో వాళ్ళు చెయ్యి కడగకూడదని మా ఆవిడ పట్టు. అందుకని పిల్లలిద్దరూ కలిసి ఒక ఉపాయం చేశారు. సాయంత్రం పూట సాగర్‌లో పడవ షికారు, పట్నం చరిత్ర చెబుతారట, స్నాక్స్, డ్రింక్స్ కూడా ఉంటాయట. టికెట్లు ఫోన్లోనే కొనేశారు. మా అమ్మాయి ఆ మెసేజ్ చూపిస్తే నా కన్ను డ్రింక్స్ అన్న మాట దగ్గర ఆగింది.

అత్వెల్లిలో రోడ్డు పక్కన ధాబా నడిపే మా బామ్మర్దికి చెబితే మస్తు సంబరపడ్డాడు. "మోకా దొరికింది బావా. రెండో గిలాస కాడ ఎసొంటోడైనా అసలు రేటు బైటవెడతడు. నువ్వు ఒక్కదాంతోనే ఆగు. ఆయనను మాత్రం ఆగనియ్యకు."

మావైపు వియ్యాలవారికి మందు పోయకపోతే మర్యాద చేసినట్టే కాదు. కానీ డాక్టరు చెప్పినప్పటి నుంచి నేను ముట్టడం మానేశాను. ఒక్క గ్లాసైనా తట్టుకోవాలంటే కడుపులో నెయ్యి ఉండాలన్నాడు బామ్మర్ది. ఆ మధ్యాహ్నం నెయ్యి ముద్దలూ, వాటి మీద వేయించిన పల్లీలూ గట్టిగానే తిన్నాను.

పడవ రేవు దగ్గర వాళ్ళు మా కోసం కనిపెట్టుకుని ఉన్నారు. ఆయన ఇస్త్రీ చొక్కా, చేతిలో మడత విప్పని రుమాలు. ఆవిడది నవ్వుముఖం. నమస్కారాలయ్యాయి. టికెట్లు చూసే అతని దగ్గరికి వచ్చేసరికి నా నోరు ఊరుకోలేదు. ఆరుగురం ఒక్కసారే వస్తున్నాం కదా, ఏమైనా తగ్గుతుందా అని అడిగాను. అతను నా వంక చూడకుండా ఫోన్ మీద ఏదో వెలుగు పడేట్టు చేసి లోపలికి పొమ్మన్నాడు. డబ్బు కట్టడం ఎప్పుడో అయిపోయిందని మా అమ్మాయి చెవిలో చెప్పింది. ఆ సంగతి నాకూ తెలుసు. తెలిసినా అడగకుండా గేటు దాటడం నాకు అలవాటు లేదు.

పడవ పైఅంతస్తులో కూర్చున్నాం. పిల్లలు కొంచెం దూరంగా కటకటాల దగ్గర నిలబడ్డారు. పడవ ఒడ్డు విడిచింది. మైకులో ఒకాయన ఈ ఊరు ఎలా పుట్టిందో, ఈ చెరువు ఎవరు తవ్వించారో చెప్పడం మొదలుపెట్టాడు. సరుకు కోసం చిన్నప్పటి నుంచీ బేగంబజారుకు వస్తూ పోతూ ఉన్నవాణ్ణి, పట్నాన్ని నీళ్ళ మీద నుంచి చూడటం మాత్రం అదే మొదలు. లైట్లు ఒక్కొక్కటీ వెలుగుతున్నాయి. సరుకంతా ముందు పరిచి ధర చెప్పని దుకాణంలా ఉంది ఊరు.

మేము ఎండల గురించి మాట్లాడాం, యాప్రాల్ నీళ్ళ ట్యాంకర్ల గురించి, మేడ్చల్ హైవే మీద లారీల గురించి మాట్లాడాం. అసలు మాట ఎవరూ ఎత్తలేదు. మాట్లాడుతూనే నేనూ, అబ్బాయి తండ్రీ డ్రింక్స్ వచ్చే మెట్లవైపు చూస్తున్నాం. ఆయనకు అంత ఆత్రం ఉండటం మంచి శకునమే అనుకున్నాను.

పళ్ళెం వచ్చింది. పుదీనా ఆకు వేసిన ఆకుపచ్చ షర్బత్, ఎర్రటిది ఇంకేదో, గ్లాసుల్లో మజ్జిగ, వేడి పకోడీలు. మరి డ్రింక్స్ ఎప్పుడని అడిగాను. ఇవే డ్రింక్స్ అన్నాడు పట్టుకొచ్చినాయన.

అబ్బాయి తండ్రి గట్టిగా ఊపిరి వదిలాడు. నేను వదిలిన ఊపిరి నాకే వినిపించింది. ఇద్దరం మొహమొహాలు చూసుకున్నాం. ఆవిడకు నవ్వు ఆగలేదు.

"అన్నయ్యగారూ, మీకు చెప్పకుండా ఉండలేనండీ. ఈయన పుట్టి బుద్ధెరిగి ముట్టలేదు. మీవైపు వాళ్ళు పోస్తే కాదనకూడదని ఎవరో చెప్పారంట. గ్లాసు ఎలా పట్టుకోవాలో వారం నుంచి మంచినీళ్ళతో ప్రాక్టీసు చేస్తున్నారు."

ఆయన బుద్ధుడి విగ్రహం వైపు తల తిప్పుకున్నాడు. ఇక నాకూ దాచాలనిపించలేదు. నెయ్యి ముద్దల సంగతి, పల్లీల సంగతి చెప్పేశాను. అప్పుడు ఆయన నవ్వాడు. నవ్వితే వేరే మనిషిలా ఉన్నాడు. మా ఆవిడ మాత్రం నవ్వలేదు. నెయ్యి ఎంత ఖర్చయిందో ఆమెకు తెలుసు.

రంగునీళ్ళు నాకు పడవు. పళ్ళెం పట్టుకున్నాయనను "సల్ల ఇయ్యి" అన్నాను. ఆయన తలూపి, ఆకుపచ్చ షర్బత్‌లో ఇంకో రెండు ఐసుముక్కలు వేసి నా చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు. నేను దాన్ని చూస్తూ ఉండిపోయాను. అబ్బాయి తల్లి తన మజ్జిగ గ్లాసు నా ముందుకు జరిపింది.

"మీరడిగింది ఇదే కదండీ? మేం మజ్జిగంటాం. సామెతలో మాత్రం మేమూ చల్లే అంటాం."

"ఏ సామెతల?" అన్నాను, ఆలోచించకుండా.

మా ఆవిడ అప్పటిదాకా పెద్దగా నోరు విప్పలేదు. "సల్లకొచ్చి ముంత దాసుడు," అంది. "దాసింది సాలు గని, ఇగ అడుగు."

ముంతలు అమ్మి బతికిన కొంపలో పుట్టినవాణ్ణి. ఆ మాట సూటిగా వచ్చి తగిలింది. నా కాళ్ళు వాటంతట అవే చెప్పుల కోసం కదిలాయి. చెప్పులు కాళ్ళకే ఉన్నాయి. చుట్టూ నీళ్ళు.

"సార్," అన్నాను, "పెండ్లయినంక సుత మా బిడ్డ దుకాణంల కూసుండాలె. నాకు గదొక్కటే గావాలె."

పైన వేసుకుని చెప్పలేదు, కింద తగ్గించడానికి ఏమీ మిగుల్చుకోలేదు. ఉన్న ధర ఉన్నట్టు చెప్పడం అదే మొదటిసారి. నడిబజారులో చొక్కా విప్పుకున్నట్టు అనిపించింది.

ఆయన రుమాలు మడత విప్పి మొహం తుడుచుకున్నాడు. "అది మేం ఇచ్చేది కాదు కదండీ. తన పని తనది. మాకు ఏ అభ్యంతరమూ లేదు. ఇంతకీ అమ్మాయిని అడిగారా మీరు?"

అడగలేదు. వాళ్ళు ఏమంటారో అని ఇంతకాలం లెక్కలు వేశాను. అవతలివాడి మొహం చదవడంలో పడి, దుకాణంలో పక్కనే కూర్చున్న పిల్ల మొహం చూడలేదు.

మా ఆవిడ అమ్మాయిని పిలిచి సంగతి చెప్పింది. అబ్బాయి కటకటాల దగ్గరే ఉండిపోయాడు. మూతల విషయంలో తప్ప తెలివైనవాడే. అమ్మాయి నా ఎదురుగా వచ్చి నిలబడింది. అన్నీ ముందే అనుకుని ఉన్నట్టుంది.

"కూసుంట బాపూ. గని ప్రతి సామాను మీద ధర అంటిస్త. బేరం ఉండది."

"పాత గిరాకికి?"

"పాతోళ్ళకు సుత గంతే."

"పండుగలకన్నా?"

"పండుగకు గూడ."

"మరి నేనేం జెయ్యాలె?"

"కుర్సీల కూసో, అందరితోటి ముచ్చట వెట్టు, చాయ్ తాపియ్యి. ధర జెప్పకు." కొంచెం ఆగి గొంతు తగ్గించింది. "పొద్దుందాక ఒకటి అనుకోని ఇంకోటి జెప్పుడు నాతోని గాదు బాపూ. నువ్వు ఇంట్ల సుత గట్లనే ఉంటవు. నేను దుకాణంల ఉండుడు నీకు గావాల్నని నాకెన్నడన్న జెప్పినవా?"

చిక్కులో పడ్డప్పుడు నాకు తెలిసిన విద్య ఒక్కటే. లేచాను. కుర్చీల మధ్యనుంచి నడిచి పడవ వెనక కొసకు వెళ్ళి, వాళ్ళకు వీపు పెట్టి నిలబడ్డాను. పిలుపు కోసం చెవులు మాత్రం వెనక్కే పెట్టుకున్నాను.

మైకులో నవాబులు ఒకరి తర్వాత ఒకరు వచ్చి వెళ్ళిపోతున్నారు. పడవ విగ్రహం చుట్టూ తిరిగింది. ఒడ్డు లైట్లు కుడివైపు నుంచి ఎడమవైపుకు వచ్చాయి. ఎవరూ పిలవలేదు.

ఆఖరికి నేనే తిరిగి చూశాను. మిగతావాళ్ళు పకోడీలు తింటున్నారు. మా అమ్మాయి మాత్రం నా వైపే చూస్తోంది. పెదవులు బిగపట్టి ఉంది. ఒక చేత్తో నేను లేచిన కుర్చీ వీపును గట్టిగా పట్టుకుంది, అందులో ఎవరో కూర్చోబోతుంటే ఆపుతున్నట్టు. ఆమె పెరిగిందీ ఆ దుకాణంలోనే. చెప్పుల్లో కాలు పెట్టినవాణ్ణి పిలిస్తే ఏమవుతుందో ఆమెకు నాకంటే బాగా తెలుసు. పిలవాలని ఉంది, పిలవడం లేదు. అలా పిలవకుండా ఉండటం ఎంత కష్టమో అమ్మేవైపు కూర్చున్నవాళ్ళకే తెలుస్తుంది.

ఎవరూ పిలవకుండానే వెనక్కి వెళ్ళాను. పది మంది కుర్చీల మధ్యనుంచి నడిచిన ఆ కాస్త దూరం నాకు మేడ్చల్ నుంచి బేగంబజారుకు నడిచినంత అయింది.

"మంచిగ రాయి బిడ్డా ధరలు," అన్నాను. "నా కండ్లకు సుత కనబడేటట్టు."

ఆమె కుర్చీ వదిలింది. అబ్బాయి తండ్రి పకోడీల పళ్ళెం నా వైపు తోశాడు. "రండి బావగారూ, చల్లారిపోతున్నాయి." అంతదాకా నేను ఆయనకు మేడ్చల్ గారిని, ఆయన నాకు సారు.

పెళ్ళయింది. ఆమె యాప్రాల్ నుంచి పొద్దున్నే స్కూటీ మీద వచ్చి షట్టర్ తెరుస్తుంది. గంగాళం నుంచి టీ గరిటె దాకా అన్నింటి మీదా తెల్ల కాగితం ముక్కలు. నేను గుమ్మం పక్కన కుర్చీలో కూర్చుంటాను. ధర చెప్పను. మొదటి రోజుల్లో నాలుక దురద పెట్టేది. అందుకని వక్కపొడి నములుతాను.

మొన్న అత్వెల్లి నుంచి మా పాత గిరాకీ ఒకామె వచ్చింది. మా నాయిన కాలం నుంచీ వస్తున్న మనిషి. ఒక ముంత చేతిలోకి తీసుకుని, కాగితం చూసి మొహం చిట్లించి, సగానికి అడిగింది. ధర అదేనని మా అమ్మాయి మెల్లగా చెప్పింది. ఆమె ముంతను బల్ల మీద పెట్టి, మాట్లాడకుండా గుమ్మం దాటింది. ఒక చెప్పు వేసుకుంది. రెండోది నా కుర్చీ పక్కనే ఉన్నా కాలితో అటూ ఇటూ తడుముతూ నిలబడింది.

లోపల మా అమ్మాయి గిన్నెలు తుడుస్తోంది. అదే బిగపట్టిన పెదవులు.

వక్కపొడి ఉమ్మేసి, ఆ చెప్పును ఆమె కాలి దగ్గరికి జరిపాను.

"అక్కా, మా బిడ్డ పిలువది," అన్నాను. "నేను సుత మస్తు సేపు నిలవడి సూసిన. ముంత గావాల్నంటే నువ్వే మల్ల లోపలికి పో."