సర్దుకుంటారు అని రాశాను

పదేళ్లుగా రెండు ముక్కలు మోస్తున్నాను. నేను రాసినవే. మోస్తున్నాను అంటే మీరు జాలిపడతారేమో, అక్కర్లేదు. ఈ పదేళ్లలో బాగానే తిన్నాను, నిద్రపోయాను, పెళ్లి చేసుకున్నాను, జోకులు వేశాను. నన్ను ఇప్పటికీ నిర్ఘాంతపరిచేది అదే. ఒక మనిషి బతుకు తలకిందులు చేసి ఇంత మామూలుగా ఉండొచ్చా? ఉండొచ్చు. ఉన్నాను. మీకు నేనెవరో తెలియదు కాబట్టి మీకే చెబుతున్నాను.

గల్ఫ్ యుద్ధం అయిన రెండేళ్లకు సౌదీలోని అల్ ఖోబర్‌లో ఒక నిర్మాణ కంపెనీలో చేరాను. నాకు ఇరవై మూడు. సైనికులు వెళ్లిపోయి కంప్యూటర్లు దిగుతున్న రోజులు. ఏ ఆఫీసు చూసినా రిజిస్టర్లు ఎప్పుడు అవతల పారేద్దామా అన్న ఆత్రమే. మా కంపెనీ కూడా పనివాళ్ల వీసా కాగితాలు తయారుచేసే ప్రోగ్రాం ఒకటి రాయించింది. దాన్ని పరీక్షించడం నా ఉద్యోగం. అంటే ఎవరో కట్టిన గోడను తన్ని చూడటం. పడకపోతే ‘పాస్’ అని రాయాలి. పడితే ఎందుకు పడిందో రాయాలి.

సౌదీ దాటి వెళ్లేవాడికి రెండు రకాల ముద్రలు. సెలవుకు వెళ్లి తిరిగొచ్చేవాడికి రీ-ఎంట్రీ. ఉద్యోగం వదిలేసేవాడికి ఫైనల్ ఎగ్జిట్. ఈ రెండోది పడినవాడికి మళ్లీ ఆ ఉద్యోగం లేదు.

పరీక్షకు మా క్యాంపులోని పేర్లే తీసుకున్నాను. బొమ్మెన గంగారాం, బొమ్మెన గంగాధర్. ఇద్దరిదీ జగిత్యాల దగ్గర ఒకే ఊరు. గంగారాంకు ఫైనల్ ఎగ్జిట్ ఇచ్చి చూశాను. ఆ తర్వాత గంగాధర్‌కు ఏ కాగితం తీసినా అదే అచ్చయింది. ప్రోగ్రాం ఇంగ్లీషు పేరులో మొదటి పన్నెండు అక్షరాలే చూస్తోంది, ఆ పన్నెండూ ఇద్దరికీ ఒకటే. రాసిన ఫిలిప్పీన్స్ అతనికి, మన పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు ముందొస్తుందనీ, ఒక వాడకట్టంతటికీ ఒకే ఇంటిపేరు ఉంటుందనీ ఎలా తెలుస్తుంది? ఆ ఆఫీసులో తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. నన్ను పెట్టుకున్నదే తెలుస్తుందని కదా?

అది బుధవారం మధ్యాహ్నం. మర్నాటి నుంచి రెండు రోజులు సెలవు. ఈజిప్టు మేనేజరు నా సంతకం కోసం బల్ల పక్కనే నిలబడ్డాడు. ‘పాస్’ అని రాశాను. పక్కనున్న రిమార్కుల గడిలో తెలుగులో, “ఒకే ఇంటివాళ్లు. సర్దుకుంటారు” అని రాశాను. ఈ గుండ్రటి అక్షరాలేమిటని ఆయన అడిగాడు. అంతా బాగుందని దానర్థం అన్నాను. నాకు నవ్వాగలేదు. నా జోకుల్లో అదే గొప్పదని ఆ వారమంతా అనుకున్నాను.

నెల తిరక్కుండా గంగారాం నిజంగానే ఉద్యోగం మానేసి, ఆ ప్రోగ్రాం తీసిన ఫైనల్ ఎగ్జిట్ మీదే వెళ్లిపోయాడు.

తర్వాతి శనివారం గంగాధర్ కంపెనీ దగ్గరుండే తన పాస్‌పోర్టు తీసుకోవడానికి నా బల్ల దగ్గరికి వచ్చాడు. తెలుగువాళ్లకు వాటిని అందించే పనీ నాదే. షటరింగ్ కార్పెంటర్. యుద్ధంలో క్షిపణులు పడుతుంటే క్యాంపు సగం ఖాళీ అయినా కదలని మనిషి. తాను వచ్చాక పుట్టిన కూతుర్ని మొదటిసారి చూడటానికి రెండు నెలల సెలవు మీద వెళ్తున్నాడు. పాస్‌పోర్టు తెరిచి చూశాను. అరబ్బీలో నాకు చదవడం వచ్చిన నాలుగు మాటల్లో ఆ ముద్ర మీదిది ఒకటి. ఫైనల్ ఎగ్జిట్.

గుండె ఆగిందని రాయను. ఆగలేదు, శుభ్రంగా కొట్టుకుంటూనే ఉంది. ఫైలు చేయడానికి తీసిన పరీక్ష కాగితాలు బల్ల మీద పరిచి ఉన్నాయి. అతను వాటిమీదికి వంగాడు.

“ఏంది సారూ, గిండ్ల తెలుగు గూడ ఉన్నది!” కూడబలుక్కుని పైకి చదివాడు. “ఒకే ఇంటివాళ్లు... సర్దుకుంటారు.” నవ్వాడు. “ఎవలు సారూ గీ సర్దుకునేటోళ్లు?”

“ఎవరో లేన్నా. నువ్వు పోయిరా.”

“పోయస్త. రెండు నెల్లే గదా. సకినాలు తెస్త, తింటరా?”

“తేన్నా” అన్నాను.

తేన్నా అన్నాను. అతను తేలేడని తెలిసి.

విమానం మంగళవారం. పాస్‌పోర్టుల మీద ముద్రలు వేసే జవాజాత్ ఆఫీసు చుట్టూ కంపెనీ తరఫున తిరిగే మా మందూబ్‌కు ఒక్క మాట చెబితే ఆ ముద్ర రద్దయ్యేది. మూడు రోజులున్నాయి. ఆదివారం ఆ మందూబ్‌తోనే కూర్చుని చాయ్ తాగాను. చెబితే ఆ కాగితం తీస్తారు, ఆ తెలుగు వాక్యం ఎవరిచేతో చదివిస్తారు, నా ప్రొబేషన్ ఇంకా పూర్తి కాలేదు. భయమా? భయమే. ఇంకే పేరు పెట్టినా అది మళ్లీ నా చమత్కారమే అవుతుంది. యుద్ధం పంపలేకపోయిన మనిషిని నేను పంపాను.

అతను వెళ్లిన వారానికి ఆ లోపాన్ని అప్పుడే కనిపెట్టినట్టు రాసిచ్చాను. ఎవరికైనా నష్టం జరిగిందా అని మేనేజరు అడిగాడు. లేదన్నాను. భుజం తట్టాడు.

మూడో నెలలో ఉత్తరం వచ్చింది. తెలుగులో ఉంది కాబట్టి చదివి చెప్పమని నాకే ఇచ్చారు. సెలవు అయ్యాక తిరిగి రాబోతే బొంబాయి ఎయిర్‌పోర్టులో వీసా లేదని వెనక్కి పంపారట. “నా దిక్కెళ్లి ఏమన్న తప్పయిందా సారూ? అయితే మాఫ్ చెయ్యమని పెద్దసారుకు చెప్పుండ్రి” అని రాశాడు.

ఏం రాశాడని మేనేజరు అడిగాడు. క్షేమంగా చేరాడట, మీకు సలాం చెప్పమన్నాడు అన్నాను. మంచివాడు, ఉద్యోగం మానకుండా ఉండాల్సింది అన్నాడాయన.

గంగాధర్ మానలేదు. అతని దిక్కునుంచి ఏ తప్పూ కాలేదు. అతని పని పోగొట్టింది నేను. చెప్పగలిగిన మూడు రోజులూ నోరు మూసుకున్నదీ నేనే. ఇది చదవాల్సినవాడు ఎక్కడున్నాడో తెలియదు, వెతకలేదు కూడా. మీకు చెప్పాక కాస్త తేలిగ్గా ఉంది. ఆ తేలిక నాకు దక్కాల్సింది కాదని తెలుసు. అయినా ఉంది.