బాల్ చేయి దాటాక

మా అమ్మాయికి పదేళ్లు. నరసరావుపేటలో బాస్కెట్‌బాల్ ఆడుతుంది. ఆ రోజు మ్యాచ్‌లో బాగా ఆడితేనే జిల్లా జట్టులోకి తీసుకుంటారని తెలిసి, వారం రోజులు నాకు తిండి సరిగ్గా దిగలేదు. కాలేజీలో నేనూ ఆడినదాన్నే కాబట్టి ఇంటి దగ్గర దానికొక కిటుకు నేర్పాను. అమెరికా స్కూళ్ల ఆటలో షాట్ వేసిన పిల్ల గాల్లో ఉండగా ఎదుటి పిల్లను గుద్దితే ఆ బాస్కెట్ చెల్లదు. మనం ఆడే అంతర్జాతీయ రూల్ ప్రకారం, గుద్దేలోపే బాల్ చేయి దాటి ఉంటే ఫౌల్ ఇచ్చినా బాస్కెట్ చెల్లుతుంది. "వదిలాక ఇంక ఆగమాకు" అని చెప్పాను.

చివరి నిమిషంలో అది ఆగలేదు. అడ్డంగా నిలబడ్డ పిల్లకు దాని మోచేయి తగిలి ముందు పన్ను విరిగింది. ఆ పిల్ల సిమెంటు మీద పడింది, బాల్ బుట్టలో పడింది. అమెరికా వీడియోలు చూసి రూల్స్ నేర్చుకున్న పీఈటీ సారే రిఫరీ. బాస్కెట్ చెల్లదన్నాడు. పిల్ల నోట రక్తం కారుతుంటే, నేను ఫోన్‌లో రూల్ తీసి ఆయనకు చదివి వినిపించాను. ఒప్పుకున్నాడు. ఒక్క పాయింటుతో గెలిచాం. అమ్మాయి జట్టులోకి వచ్చింది.

ఆ పిల్ల తల్లి కొంగుతో కూతురి మూతి తుడుస్తూ నా వైపు చూసింది.

"రూలు చానా బాగా చదివావు తల్లీ. ఇరిగిన పన్నుకి ఏం రాసుందో అది కూడా చదువు."

స్కూటీ వెనక కూర్చుని అమ్మాయి అడిగింది.

"జిల్లా మ్యాచ్‌లో కూడా అట్టనే గుద్దాలా అమ్మా?"

"బాల్ వదిలాకే" అన్నాను.